ఓడలెక్కిన గుడ్డ

ఆ కొండకొమ్మును తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. కొండ తప్పేమీ లేదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నల్లటి రాళ్లు, వాటి మీద విరిగిపడే అలలు, పాత దీపస్తంభం, అన్నీ బాగానే ఉన్నాయి. నా కోపమంతా అక్కడి గోడౌను మీద.

మా అమ్మ ఎమ్మిగనూరులో పెళ్లికి ముందు నుంచీ మగ్గం నేస్తోంది. తమ పెద్దలు నేసిన గుడ్డ ఒకప్పుడు బండ్ల మీద తీరానికి చేరి ఓడలెక్కేదని వాళ్ల నాయన చెప్పేవాడట. "ఆ ఓడలు నిలిచే జాగా ఒక్కసారి సూడాల పాపా" అని ఎన్నేళ్లుగానో అడుగుతోంది. మోకాళ్లు పూర్తిగా మొరాయించకముందే చూపిద్దామని, పోయిన చలికాలం ఆదోనిలో నేను పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి రైల్లో తీసుకెళ్లాను.

ఆటోవాడు కింద రోడ్డు మీదే దింపేశాడు. అమ్మ చెప్పులు చేతపట్టుకుని, గాలికి ఎగిరే కొంగును నడుముకు బిగించి, రాతిమెట్లన్నీ ఎక్కింది. పైన అంచు పొడవునా సెల్ఫీలు తీసుకునేవాళ్ల గోల. వాళ్లను తప్పించుకుంటూ పోయి కిందికి తొంగి చూసింది.

"ఈడికేనా మన గుడ్డ వచ్చింది?"

"ఈడికేనమ్మా" అన్నాను.

ఓడల సరుకు దాచిన పాత గోడౌనును ఇప్పుడు మ్యూజియం చేశారు. మధ్యలో ఒక మగ్గం, చుట్టూ తాడు. ఎవరు అమర్చారో గానీ, పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. తెగిన పోగును చూసి ఊరుకోవడం అమ్మకు చేతకాదు. నేను గమనించేలోపే తాడు కింద దూరి, కొసలు రెండూ దొరకబుచ్చుకుని ముడేసేసింది.

"ఏయ్ ముసలమ్మా! చెయ్యి తియ్యి! చూడ్డానికొచ్చావా, పాడుచేయడానికొచ్చావా?"

కాపలా మనిషి అరుపుకు అందరూ తిరిగి చూశారు. ఒకమ్మాయి ఫోనెత్తి వీడియో కూడా తీసింది. అమ్మ దొంగతనం చేస్తూ దొరికినట్టు చెయ్యి కొంగులో దాచుకుంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "పాడుచేసిందా? పోగు ఎక్కడ తెగిందో ఇప్పుడు కనిపెట్టు చూద్దాం!" అన్నాను.

"రూల్సు మేడం" అన్నాడు. చేతిలో హ్యాండ్‌బ్యాగు ఉంటే మేడం, లేకపోతే ఏయ్.

అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "పోనీలే పాపా. ఆ బోర్డు మింద ఏమి రాసినారో సదువు." ఆమెకు చదువు రాదు.

ఓడలెక్కిన బట్ట నేసిన వాళ్లు గానీ, వాళ్ల పనితనం గానీ నేడు ఎక్కడా మిగల్లేదని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ అక్షరాల ముందు మా అమ్మ తల పైకెత్తి నిలబడి ఉంది. చచ్చినా ఆ మాట నా నోటితో చెప్పదలచుకోలేదు.

"ఇట్లా నేసేటోళ్లు ఇంకా ఉండారని రాసినారమ్మా" అన్నాను.

అమ్మ ఒకసారి బోర్డును చూసింది, ఒకసారి మగ్గాన్ని చూసింది.

"ఉండారని తెలిసి కూడా ముట్టనీలేదా?" అంది.