కదలని స్టాండు

టమోటా క్రేటు కొనేముందు మోచేత్తో అదిమి చూడటం ఉమాపతికి అలవాటు. మదనపల్లె అంగట్లో ల్యాప్‌టాప్ స్టాండ్లనూ అట్లే అదిమాడు. మూడు ఊగాయి, నాలుగోది కదల్లేదు.

“మా ల్యాప్‌టాప్ మూడు కిలోల బరువుండాది, పైగా కంపెనీ వాళ్లది. పడితే ఎవురు జవాబు సెప్పేది?” అన్నాడు అంగడాయనతో.

రెండేళ్లుగా బోర్లించిన క్రేటు మీద ఆ ల్యాప్‌టాప్ పెట్టుకుని, నేల మీద కూర్చుని ఉద్యోగం చేస్తున్న అతని భార్య భార్గవి పక్కనే మెడ రుద్దుకుంటోంది.

“కుర్చీ కూడా సూద్దామా? నడుము పట్టేస్తాండాది” అంది.

“ముందు దీని పని కానీ.”

ఇంటికొచ్చి ట్రంకుపెట్టె మీద స్టాండు నిలబెట్టి, ల్యాప్‌టాప్‌ను మెల్లగా దానికి ఆనించాడు. ఆ చేతుల్లో అంత మెత్తదనముందని ఆరేళ్ల కాపురంలో భార్గవికి అప్పుడే తెలిసింది. ఖాళీ అయిన క్రేటును అతను కాలితో ఆమె వైపు తోశాడు.

“కూర్చో. గట్టిదే, అదిమి సూసి తెచ్చిందే.”