ఏడుసార్లు బ్వానా

మా తెలుగు చర్చి సంఘంలో పాటలకి వీసా కంటే కఠినమైన ఇంటర్వ్యూ ఉంటుంది. పండక్కి ముందు జరిపే సెమీ క్రిస్మస్‌లో ఎవరు ఏం పాడాలన్నా, పిల్లలు దేనికి డాన్స్ చేయాలన్నా (డాన్స్ అనకూడదు, యాక్షన్ సాంగ్ అనాలి) ముందు మా సంఘ పెద్ద వినాలి. ఆయన కొలత ఒక్కటే. పాటలో ప్రభువు నామం ఉంటే ఆరాధన, లేకపోతే లోకసంబంధం. ఆ జాబితా పట్టుకుని తిరిగే ప్రోగ్రాం కోఆర్డినేటర్ని నేనే. సండే స్కూల్లో పెరిగినవాణ్ణి, ఆ కొలతని నేనెప్పుడూ అనుమానించలేదు.

ప్లెయిన్స్‌బరోలో మా కింది అపార్ట్‌మెంట్‌లో టాంజానియా పెద్దాయన ఒకరుంటారు, నేను అంకుల్ అంటాను. భార్య పోయాక డ్రైవింగ్ మానేశారు. వాళ్ల చర్చి దూరం కాబట్టి ఆదివారాలు నా కార్లో మా సంఘానికి వస్తున్నారు. తెలుగు ఒక్క ముక్క రాదు. రెండు గంటల వాక్యోపదేశం కదలకుండా విని, సరిగ్గా అనాల్సిన చోట ఆమెన్ అంటారు. తెలుగు వచ్చిన మాలో చాలామందికి ఆ టైమింగ్ లేదు. గుమ్మంలో అందరికీ చేయి కలిపి "బ్వానా అసిఫివే" అంటారు. వాళ్ల స్వాహిలిలో ప్రైజ్ ద లార్డ్ అన్నమాట. బ్వానా అంటే ప్రభువు. మా పెద్దకి ఆ మాట ఎంత నచ్చిందంటే ఒకసారి ప్రార్థనలో కూడా వాడేశారు.

డిసెంబర్ మొదట్లో అంకుల్ వంటింట్లో టీ తాగుతుంటే ఫోన్‌లో ఒక పాట పెట్టారు. వాళ్ల వైపు పాత రుంబా. రెండు గిటార్లు అరుగు మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నట్టు ఉంది.

"క్రిస్మస్ రోజు చర్చి నుంచి రాగానే ఇదే పెట్టేవాళ్లం, బ్రదర్. పిలావ్ ఉడికేలోపు నేనూ ఆమే డాన్స్ చేసేవాళ్లం. ఈసారి ఒక్కణ్ణే వినలేను. మీ అందరి మధ్యా ఒక్కసారి వేయిస్తావా?"

వేయిస్తానని మాటిచ్చేశాను. పైకి మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది, ఇంటర్వ్యూ ఉందని.

ఆదివారం మా పెద్ద కళ్లు మూసుకుని విన్నారు. మొదటి నిమిషంలోనే పాటలో "బ్వానా" అని వినిపించింది. కళ్లు తెరిచారు. వేళ్లు మడవడం మొదలుపెట్టారు.

"ఏడుసార్లు, తమ్ముడూ! బైబిల్లో పరిపూర్ణ సంఖ్య. మన పాటల్లోనే ఇన్నిసార్లు ఉండదు."

"అవునండీ" అన్నాను. పాట దేని గురించో ఆయన నన్ను అడగలేదు. నేను అంకుల్‌ని అడగలేదు. ఆ విధంగా ఇద్దరి మనస్సాక్షీ నిర్మలంగా ఉంది. జాబితాలో "స్వాహిలి ఆరాధన గీతం" అని టైప్ చేశాను.

శనివారం మధ్యాహ్నం, స్కూల్ కెఫెటీరియాలో సెమీ క్రిస్మస్. పెద్ద ప్రారంభ ప్రార్థన చేశారు. "నాయనా, నీ పాదాలకు స్తోత్రం" అని మొదలుపెట్టి, ఆమెన్ అనగానే అదే గొంతుతో ప్రొజెక్టర్ దగ్గరున్న బ్రదర్‌ని "ఏంటి నాయనా, స్క్రీన్ మీద ఏమీ రావట్లేదు?" అన్నారు.

అంకుల్ పాట వచ్చింది. ప్రతి బ్వానాకీ చేతులు లేచాయి. ఒక ఆంటీ కళ్లు తుడుచుకున్నారు. సగంలో గిటార్లు వేగం అందుకున్నాయి. అంకుల్ లేచి, ఒక చెయ్యి పైకెత్తి, రెండో చెయ్యి ఎవరి నడుము చుట్టో వేసినట్టు గాలిలో ఉంచి, మెల్లగా కదిలారు.

"ఆత్మలో నాట్యం!" అని పెద్ద మైకందుకున్నారు. "పాట ఆపండి. అర్థం చెప్పమనండి, సంఘ క్షేమాభివృద్ధికి."

పాట ఆగింది. అంకుల్ ఎత్తిన చెయ్యి దించకుండానే ఇంగ్లిష్‌లో చెప్పారు. తెలుగు చేయాల్సింది నేను.

"ఒకాయన... స్నేహితుడితో చెప్పుకుంటున్నాడండీ. మా ఆవిడ అలిగి పుట్టింటికి వెళ్లిపోయింది. పొద్దుట్నుంచి బస్టాండ్‌లోనే ఉన్నాను, బ్వానా. అన్నం చల్లారిపోతోంది, బ్వానా. నువ్వైనా చెప్పు, రమ్మని."

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే జేబుల్లోకి వెళ్లాయి.

"బ్వానా అంటే ప్రభువు కదా తమ్ముడూ?" పెద్ద గొంతు సన్నబడింది.

"ప్రభువేనండీ. స్నేహితుణ్ణి కూడా అలాగే పిలుస్తారట." మాటిచ్చాను కదా, ఆగలేకపోయాను. "ఇందాక మీరు స్తోత్రం చెప్పిందీ నాయనాకే, స్క్రీన్ అడిగిందీ నాయనానే."

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద నా వైపు చూసిన చూపుకి వచ్చే ఏడు కోఆర్డినేటర్ ఎవరో నాకు తెలిసిపోయింది, నేను కాదు. జాబితాలో అబద్ధం టైప్ చేసినవాడికి అది తగిందే. కానీ పాట సగమే అయింది.

అప్పుడు పాస్టర్ గారి భార్య, మా పాస్టరమ్మగారు, కూర్చున్న చోటినుంచే అన్నారు. "ఆయన చెయ్యి ఇంకా దించలేదు. అన్నం చల్లారేలోపు ఆవిడ రావాలి కదా. పాట వెయ్యి, నాయనా."

ప్రొజెక్టర్ బ్రదర్ వేశాడు. అంకుల్ కళ్లు మూసుకుని మిగతా సగమంతా ఆడారు. చివర్లో ఎదురుగా ఉన్న ఖాళీకి కొంచెం తల వంచారు.

మైకు మా పెద్ద చేతిలోనే ఉండిపోయింది. ఏదో ఒకటి అనాలి. గొంతు సవరించుకుని "బ్వానా అసిఫివే" అన్నారు. ఏ బ్వానా అని ఈసారీ నేను అడగలేదు.

అంకుల్ ఆయాసపడుతూనే, సరిగ్గా అనాల్సిన చోట, ఆమెన్ అన్నారు.