నేల మీద సన్మానం

మొన్న నస్పూర్ల నాకు జరిగిన సన్మానం గురించి చెప్తా వినుండ్రి. శాలువా కప్పేటప్పటికి నేను నేల మీద పడి ఉన్న. నవ్వకుండ్రి, నాకింకా కోపం దిగలే.

నేను మందమర్రిల గని దవాఖాన అంబులెన్సుల పనిచేసి రిటైరైనోన్ని. బీఎస్సీ చదివి అంబులెన్సుల కూసునుడేందని మా బాపు చాన రోజులు నాతోని మాట్లాడలే. పోనీ, అది వేరే కథ. మనిషి పడిపోతే ఏం చేయాలెనో నాకు తెలుసు. జనానికి తెల్వదు. తెల్వనోళ్లు ఊకుంటరా? ఫిట్స్ వచ్చినోని చేతిల తాళాలు పెడతరు. సోయి లేనోని నోట్లె నీళ్లు పోస్తరు. చుట్టూ గుంపుగ నిలబడి, గాలి ఆడనియ్యుండ్రి అని ఒకని మీద ఒకడు అరుస్తరు.

అందుకే మా నస్పూర్ కాలనీ సంఘం సెక్రటరీ తిరుపతి ఇంటికొచ్చి, "కాకా, ప్రథమ చికిత్స మీద సంఘం హాల్ల మనోళ్లకు జర క్లాసు చెప్పరాదు. టిఫిన్ గాడనే చేద్దాం" అంటే ఒప్పుకున్న. నాకు షుగర్ ఉంది. పొద్దున ఇన్సులిన్ తీసుకున్నంక వెంటనే తినాలె. అక్కడ టిఫిన్ ఉంది గద అని ఇంట్లనే ఇంజెక్షన్ పొడుచుకున్న. మా ఇంటామె లచ్చవ్వ, ఒక్క రొట్టె తిని బయలెల్లుండ్రి అన్నది. షుగర్ గురించి నాకే చెప్తున్నవా అని ఆమెను గదిరిచ్చిన. ఆమెను వెంటబెట్టుకొని పోయిన.

హాల్ల ఉప్మా ఉండె. పెద్ద గిన్నె, మీద మూత. ముఖ్య అతిథి ఇంకా రాలేదట. ఆయన రాకముందు మూత తీయొద్దట. ఎక్కడ చూసినా గిదే రివాజు! పెద్దమనిషి కారు దిగేదాక అందరు కడుపులు మాడ్చుకోవాలె. ఆయన వచ్చి ఉప్మా తింటడా? తినడు. ఇంట్ల సుబ్బరంగ తినే వస్తడు. నోరు తెరిచి అడగొచ్చు గద అంటరు మీరు. క్లాసు చెప్పనీకి వచ్చినోడు, నాకు కండ్లు తిరుగుతున్నయి, జర ఉప్మా పెట్టుండ్రి అని అడుగుతడా?

ఆయన వచ్చేలోపల క్లాసు షురూ చేయమన్నడు తిరుపతి. చేసిన. మైకు గుర్రుమంటే మైకోన్ని తిట్టిన. గుండెపోటు ఎట్లుంటదో ఛాతీ పట్టుకొని, కుర్చీల ఒరిగి చేసి చూపిన. చప్పట్లు కొట్టిండ్రు. కొట్టాల్సింది చప్పట్లు కాదు, అంబులెన్సుకు ఫోన్ అని తిట్టిన. తర్వాత ఫిట్స్ చూపిన. ముందు వరుసల ఒకాయన నిజంగనే జేబుల నుంచి తాళాలు తీసిండు. ఆయన్నయితే మస్తు తిట్టిన.

ఇగ షుగర్ పడిపోవుడు. గ్లూకోజ్ ప్యాకెట్ చేతిల పట్టుకొని చెప్పుడు మొదలుపెట్టిన. చెమటలు పడతయి, చేతులు వణుకుతయి, ఊకూకెనే కోపమొస్తది. తాగిండేమో అనుకొని వదిలేసి పోవద్దు. మింగగలిగితే వెంటనే గ్లూకోజ్ తాపాలె. చెప్తుంటే చెప్తుంటేనే నా అంగీ తడిసింది. ఫ్యాన్ వేయనందుకు తిరుపతిని తిట్టిన. ఫ్యాన్ తిరుగుతనే ఉన్నదట. చేతిల ప్యాకెట్ గజగజ వణుకుతుంది.

"కాకా అచ్చం షుగర్ పేషెంట్ లెక్కనే చేస్తుండు సూడు" అన్నరెవరో.

మల్ల చప్పట్లు. నోరు మూయుండ్రి అందామంటే నా నోరే తిరగలే. మెల్లగ కుర్చీల నుంచి కిందికి జారిన. చప్పట్లు ఇంకా ఎక్కువైనయి.

సరిగ్గ గప్పుడే ముఖ్య అతిథి వచ్చిండు. ఆయనకు ఇంకో మీటింగ్ ఉన్నదట, లేచేదాక ఆగే టైం లేదట. బాగ చేస్తున్నరని మెచ్చుకొని, పడి ఉన్న మనిషి మీదనే శాలువా కప్పి ఫోటో దిగిండు!

వెనుక వరుసల నుంచి లచ్చవ్వ ఉరికొచ్చింది. ఇది యాక్టింగ్ కాదు, జరుగుండ్రి అని అందరిని నూకిందట. నన్ను లేపి కూసోబెట్టి, మింగుతరా అని అడిగి, నా పిడికిట్ల ప్యాకెట్ గుంజిందట. ఇది క్లాసుకు తెచ్చింది, ముట్టొద్దు అని నేను గొణిగిన్నట. ఎట్లనో ఇడిపిచ్చి, నీళ్లల్ల కలిపి జరంత జరంత తాపింది. నాకు సోయి వచ్చేసరికి మొదలు కనబడ్డది ఉప్మా గిన్నె. మూత తీసి ఉన్నది. అందరు తింటున్నరు.

ఇంటికొచ్చినంక అడిగిన, అంతమందికి తెల్వంది నీకెట్ల తెలిసింది, చెమట చూసినవా, వణుకు చూసినవా అని.

"అంత దూరం నుంచి నాకవేం కనబడ్తయి?" అన్నది. "కోపమంటరా, అది మీకెప్పుడు ఉండేదే. గా పెద్దమనిషి మీ మీద శాలువా కప్పి ఫోటో దిగినా మీరు తిట్టలే సూడుండ్రి. గప్పుడు నా పానం జల్లుమన్నది."

ఆ ఫోటో వాట్సాప్ల ఊరూరు తిరిగింది. పెద్దపల్లి నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి, బావ ఎప్పుడు పోయిండే అక్కా అని ఒకటే ఏడుపు. ఫోన్ గుంజుకొని వాన్ని తిట్టిన. తిట్లు వినంగనే వానికి ధైర్యమొచ్చింది.

అసలు బాధ అది కాదు. అప్పటి నుంచి నేను జర సప్పుడు చేయక పేపర్ చదివినా సరే, లచ్చవ్వ గ్లూకోజ్ నీళ్లు పట్టుకొని ఉరికొస్తుంది. వద్దని నెమ్మదిగ చెప్తే ఇంకా భయపడుతుంది. ఇట్లయితే షుగర్ ఎక్కువై పోతనని, పొద్దంత ఎవరినో ఒకరిని తిట్టుకుంటనే ఉంటున్న. ఇంతసేపు మీ దగ్గర గింత కోపంగ ఎందుకు మాట్లాడిననుకున్నరు? లోపట ఆమె వింటుంది. నేను జర ఊపిరి పీల్చుకుందామని ఆగితే చాలు...

అగో, గ్లాసు పట్టుకొని వచ్చింది.