మణికట్టు మీది రంగు

బట్టల దుకాణాల్లో అద్దాల వెనక నిలబడే బొమ్మలకు ఒంటి రంగు వేయడం కూడా ఒక ఉద్యోగమేనని చాలామందికి తెలియదు. అవి అలాగే పుడతాయనుకుంటారు. మన కథలోని మనిషి చేసేది ఆ ఉద్యోగమే. వర్క్‌షాపులో ఆయన్ని రంగులాయన అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో పిలుస్తున్నారనుకుని ఆయన కూడా వెనక్కి తిరిగి చూస్తాడు.

వర్క్‌షాపు అంటే పొడవాటి రేకుల షెడ్డు. ఒక కొసన ఫైబర్ బొమ్మలు అచ్చుల్లోంచి బూడిద రంగులో ఊడి వస్తాయి. మధ్యలో ఇద్దరు ఆడవాళ్లు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వాటిని ఉప్పుకాగితంతో రుద్దుతారు. రెండో కొసన, పెద్ద ఫ్యాను బిగించిన గదిలో, రంగులాయన వాటికి స్ప్రే గన్‌తో చర్మం తొడుగుతాడు. మొండేలు ఒక రోజు వస్తాయి, చేతులు ఇంకో రోజు వస్తాయి, తలలు ఎప్పుడొస్తాయో తలలు చేసేవాడికే తెలియదు. అన్నిటినీ దుకాణం వాళ్లే తగిలించుకుంటారు. నిరుడు కొన్న ఒంటికి ఇవాళ కొన్న చెయ్యి తగిలించినా తేడా కనబడకూడదు. అది రంగులాయన చూసుకోవాలి.

పాల తెలుపు, గంధం రంగు డబ్బాల్లో వచ్చేవే. వాటిలో ఆయన గొప్పేమీ లేదు. మూడో రంగు మాత్రం ఏ డబ్బాలోనూ దొరకదు. దాన్ని అందరూ 'మన రంగు' అనేవారు. పసుపు ఎంత, ఎరుపు ఎంత, తెలుపు ఎంత అని యజమానురాలు ఒకసారి అడిగితే రంగులాయన చొక్కా చెయ్యి పైకి లాగి ఎడమ మణికట్టు లోపలివైపు చూపించాడు.

"కొలత ఇదేనండి" అన్నాడు.

నిజంగానే అదే. కలిపిన రంగులో బొటనవేలు ముంచి మణికట్టు మీద ఒక గీత గీసేవాడు. ఆరాక ఆ గీత చర్మంలో కలిసిపోయి కనబడకుండా పోతే రంగు కుదిరినట్టు. తర్వాత థిన్నర్‌లో తడిపిన గుడ్డతో ఆ చోటు కరకరా రుద్దేసేవాడు. పెళ్లికి ముందు నుంచీ ఇదే వరస. ఊళ్లో అద్దాల వెనక కొత్త బట్టలు వేసుకుని నిలబడ్డవాళ్లలో సగం మంది ఆయన ఒంటి రంగువాళ్లే. ఇంతమంది చుట్టాలు ఇంకెవరికి ఉంటారని లోలోపల మురిసిపోయేవాడు.

సరిగ్గా ఆ గీత గీసే చోటనే తెల్లమచ్చ వచ్చింది. మొదట కందిగింజంత. రంగు పొర అంటుకుపోయిందేమో అనుకుని ఇంకాస్త గట్టిగా రుద్దాడు. పోలేదు సరిగదా, కొన్నాళ్లకు చొక్కా బొత్తామంత అయింది, ఆ తర్వాత కోటు బొత్తామంత అయింది.

అదేమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు ఇంట్లో పెద్దమ్మకు బొల్లి ఉండేది, ముందు వేళ్ల మీద, తర్వాత పెదాల చుట్టూ. ఆవిడ గ్లాసు వేరు. అందరి గ్లాసులూ గూట్లో వరసగా ఉంటే ఆవిడది ఒక్కటీ కిటికీ గట్టు మీద బోర్లించి ఉండేది. ఎవరూ ఆవిడని పల్లెత్తు మాట అనలేదు. గ్లాసు మాత్రం అక్కడ పెట్టారు. ఆవిడ పోయాక కూడా దాంతో ఎవరూ నీళ్లు తాగలేదు.

రంగులాయన భయమంతా ఆ గ్లాసే. మచ్చ నొప్పి లేదు, దురద లేదు. కానీ ఒకరోజు భార్య తన గ్లాసు కూడా తీసి కిటికీ గట్టు మీద పెడితే? అరవదు, ఏడవదు, ఊరికే పెడుతుంది. 

భార్య ఇంటి ముందుగదిలో మిషను వేసుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడకు టీ అలవాటు లేదు. ఎవరడిగినా అదే చెబుతుంది. సాయంత్రం ఆయన సగం తాగి మిషను మీద పెట్టిన గ్లాసులో మిగిలింది మాత్రం తాగుతుంది. దాన్ని టీ తాగడం కింద జమ కట్టదు. పెళ్లయిన కొత్తలో ఎప్పుడో మొదలైన అలవాటు, ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

ఏ విద్య చేతిలో ఉంటే దాంతోనే తప్పించుకోవాలని చూస్తాడు మనిషి. రంగులాయన సన్న కుంచె తీసుకుని మచ్చ మీద 'మన రంగు' పూశాడు. అచ్చుగుద్దినట్టు కుదిరింది. కిటికీ దగ్గర చూసుకున్నాడు, ట్యూబులైటు కింద చూసుకున్నాడు, ఎక్కడా దొరకలేదు. రోజూ పనిలోకి వచ్చి, రంగు కలపడం అయ్యాకే పాతది థిన్నర్‌తో తుడిచి, ఆ రోజు కలిపిన రంగు వేసుకునేవాడు. ఎందుకైనా మంచిదని ఒక కొత్త స్టీలు గ్లాసు కొని ఇంటికి తెచ్చాడు.

"ఇదెందుకు?" అంది భార్య.

"పెద్దది. నాకు ఈమధ్య టీ సరిపోవడం లేదు."

ఆ రోజు నుంచి టీ అడుగు వరకూ తాగేసి, గ్లాసు తనే కడిగి, తనే విడిగా పెట్టుకునేవాడు. తనకు తానే వెలి వేసుకుంటే ఇంకొకరు వేసే పని ఉండదని ఆయన లెక్క. భార్య ఏమీ అనలేదు. గుట్టు దక్కిందనుకున్నాడు.

అయితే ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. ఆ రంగు ఆరాక వెంట్రుకవాసి ఎర్రబడుతుంది. చర్మం మీద గీత గీసినంతకాలం ఆ ఎరుపు పట్టుబడేది, సరిచేసేవాడు. ఇప్పుడు చర్మం మీద పూసిన రంగు మీద గీస్తున్నాడు. నిన్న ఎర్రబడ్డ రంగు పక్కన ఇవాళ్టి రంగు, రోజుకో వెంట్రుకవాసి పెరుగుతూ. అది కుదరక చస్తుందా? ప్రతి డబ్బా మొదటిసారికే కుదిరిపోతుంటే, ముదిరేకొద్దీ చెయ్యి తిరుగుతోందని ఆయన అనుకున్నాడు.

వానలు తగ్గేవేళకు ఒక దుకాణం నుంచి చేతులు వెనక్కి వచ్చాయి. యజమానురాలు వాటిని బల్ల మీద వరసగా పేర్చి రంగులాయన్ని పిలిచింది. ఆవిడ పెద్దగా అరిచే మనిషి కాదు. వేలు చూపించి ఊరుకుంటుంది. ఒక కొసన ఉన్న చెయ్యి మామూలుగా ఉంది. రెండో కొసన ఉన్నది ఇటుకలా ఉంది.

"ఏమయ్యా, ఒక ఇంటి పిల్లల్లా ఉండాలి కదా ఇవి? ఒక్కొక్కటీ ఒక్కో ఎండలో తిరిగొచ్చినట్టున్నాయేంటి?"

"రోజూ చూసే కలుపుతున్నానండి."

"దేన్ని చూసి?"

అలవాటు కొద్దీ చెయ్యి చాపాడు. చాపాక గానీ తెలివి రాలేదు. అప్పటికే ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుని, అక్కడా అదే ఎరుపు చూసి, థిన్నర్ గుడ్డ అందుకుని మణికట్టు మీద ఒక్క రుద్దు రుద్దింది. రంగు పోయి తెలుపు బయటపడింది. ఉప్పుకాగితం చప్పుడు ఆగిపోయింది. రంగులాయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

ఆవిడ గుడ్డ బల్ల మీద పెట్టి ఆ మచ్చను దగ్గరగా చూసింది.

"రేపు పనిలోకి రావద్దు" అంది.

ఆయన చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు.

"చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లు. ఎల్లుండి రా. ఈ ఇటుక చేతులకు మళ్లీ రంగు వేయాలి, వీటి తాత వేస్తాడా?"

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. మణికట్టు మీద నీలం లైటు వేసి చూసింది, పెద్దమ్మ సంగతి అడిగింది, పని సంగతి అడిగింది. రోజూ అదే చోట రంగూ థిన్నరూ పెట్టి రుద్దుతాడని విని కలం కింద పెట్టేసింది.

"ఒంట్లో ఆ లక్షణం ఉంటే ఉండొచ్చు. ఈ రుద్దుడు దాన్ని లేపి ఉండొచ్చు. ఇదే కారణమని ఖాయంగా చెప్పలేను గానీ, రేపట్నుంచి ఒంటికి రంగు తగలకూడదు, థిన్నర్ అసలు తగలకూడదు. గ్లౌజులు వేసుకోండి. పూత మందు రాస్తాను. వారం వారం ఇక్కడికొచ్చి లైటు చికిత్స చేయించుకోవాలి. నెలలు పడుతుంది. రంగు మొత్తం రావచ్చు, కొంతే రావచ్చు. తొందరపడి ఎవరో చెప్పిన పసరు పూసుకోకండి. అడగాల్సినవి ఏమన్నా ఉన్నాయా?"

ఆయనకు ఒక్కటే ఉంది. కుర్చీ అంచు మీదికి జరిగి, నీళ్లు నమిలి, అడిగేశాడు.

"గ్లాసు వేరే పెట్టుకోవాలాండి?"

"ఎందుకు, మీ గ్లాసుకి చిల్లు పడిందా?"

ఆయన నవ్వలేదు. అది చూసి డాక్టరమ్మ కూడా నవ్వు ఆపేసింది. "ఇది అంటుకోదండీ. తాకినా, కలిసి తిన్నా, ఒకే గ్లాసులో తాగినా ఎవరికీ రాదు. ఎప్పుడూ రాలేదు" అంది.

ఎప్పుడూ రాలేదు అన్న మాట పట్టుకుని ఆయన ఇంటిదాకా నడిచాడు. బస్సు ఉందన్న సంగతి మరిచిపోయాడు.

భార్య కాలర్లు కుడుతోంది. ఆయన ఎదురుగా నిలబడి చెయ్యి చాపాడు, బడిలో దెబ్బకు చాపినట్టు.

"నాకు మచ్చ వచ్చింది."

"తెలుసు" అంది, మిషను ఆపకుండా.

"ఎప్పట్నుంచి?"

"మీరు దాని మీద రంగేసుకున్న రోజు నుంచి. గుడ్డకి దారం కలిపేదాన్ని, ఆ మాత్రం తేడా తెలీదా? మొదట్లో పర్వాలేదు. తర్వాత్తర్వాత మరీ ఎర్రగా వేస్తున్నారు."

దుకాణం వాళ్ల కంటే, యజమానురాలి కంటే ముందే ఆయన రంగులో వంక కనిపెట్టిన మనిషి ఆవిడే. ఆయనకు రోషం రావాలి, రాలేదు.

"మరి అడగలేదేం?"

అప్పుడు మిషను ఆపింది. ఆవిడ కళ్లలో నీళ్లు నిండి ఉన్నాయి.

"మచ్చ సంగతి మీరే చెబుతార్లే అనుకున్నాను. నా టీ ఎందుకు ఆపేశారు? ఏం తప్పు చేశాను? గ్లాసు కూడా ముట్టుకోనివ్వకుండా కడిగి దాచిపెట్టుకుంటుంటే, నేనంటే అసహ్యం పుట్టిందేమో అనుకున్నాను."

ఏ గ్లాసుకైతే ఇన్నాళ్లూ భయపడ్డాడో దాన్ని తన చేతులతోనే ఆవిడ ముందు బోర్లించి పెట్టాడన్నమాట. ఆయన స్టూలు మీద కూలబడి పెద్దమ్మ కథంతా చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ఆవిడ విన్నంతసేపు విని, లేచి వెళ్లి ఆ స్టీలు గ్లాసు తెచ్చి, దాంట్లో బొత్తాలు పోసి మిషను పక్కన పెట్టుకుంది. పెద్దమ్మ గ్లాసు కూడా ఎవరైనా అలా చేసి ఉండాల్సింది. ఆ ఇంట్లో అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు.

మందు మొదలైంది. చాలారోజులు ఏమీ కాలేదు. ఆ తర్వాత తెలుపు మధ్యలో వెంట్రుకల మొదళ్ల దగ్గర గోధుమరంగు చుక్కలు లేచాయి. ఒంటి లోపల రంగు వేసే పనివాడికి తొందర లేదని, చుక్క చుక్కగా వేస్తున్నాడని రంగులాయన మెచ్చుకున్నాడు.

మిగిలింది కొలత సమస్య. మణికట్టు ఇక పనికిరాదు, చుక్కల్ని నమ్మి రంగు కలపలేం. దానికి ఆయనే ఒక దారి చూశాడు. అరచేతిలో పట్టే ఫైబర్ ముక్కకు రంగు వేసి ఇంటికి తెచ్చి, గుమ్మం దగ్గర వెలుతుర్లో, భార్య మణికట్టు పక్కన పెట్టి చూశాడు, చర్మానికి తగలకుండా. ఎరుపు ఎక్కువని ఆవిడ తిప్పి పంపింది. పసుపు చాల్లేదని మళ్లీ తిప్పి పంపింది. నాలుగో ముక్కకు ఒప్పుకుంది. ఆ ముక్కే వర్క్‌షాపులో మేకుకు వేలాడింది.

"ఇదివరకటి రంగు కాదే ఇది?" అంది యజమానురాలు.

"కొలత మారిందండి."

ఆవిడ ముక్కను తిప్పి తిప్పి చూసింది. కొత్త మొండేలకూ వాటి చేతులకూ అదే వేయమంది, పాతవాటికి మాత్రం బాగున్న చెయ్యి ఒకటి చూసి పాత రంగే కలపమంది.

ఒక సాయంత్రం మొగుడూపెళ్లాలిద్దరూ బజారు నుంచి వస్తున్నారు. ఒక అద్దం ముందు ఆవిడ ఆగి, లోపలి బొమ్మను ఎగాదిగా చూసింది.

"ఈవిడకి చేతులు కాస్త నల్లగా లేవూ?"

"లేవు" అన్నాడాయన, ఆవిడ మణికట్టు వైపు చూసి. "సరిగ్గా ఉన్నాయి."

ఇంటికొచ్చి తనే టీ పెట్టాడు. సగం తాగి గ్లాసు మిషను మీద పెట్టాడు. ఆవిడకు టీ అలవాటు లేదు కాబట్టి, చల్లారకముందే తాగేసింది.