దొరకని చరణం

నెల్లిమర్ల మిల్లులో నాకు సెలవున్న రోజల్లా విజయనగరం వెళ్ళి గ్రంథాలయంలో కూర్చునేవాణ్ణి. ఒక వాగ్గేయకారుడి జీవితం మీద, కీర్తనల మీద పండితులు తయారుచేసిన లావుపాటి సంపుటాలు అక్కడున్నాయి. ఇంటికివ్వరు. అక్కడే అన్నీ చదివాను. బడి చదువు అయిదుతో ఆగినా, పాఠాంతరమంటే ఏమిటో నన్నడిగితే చెప్పగలను.

ఒక కీర్తన కింద మాత్రం "చివరి చరణం దొరకలేదు" అని ఉంది. ఆ చరణం నన్ను పెంచిన మా అక్కకి వచ్చు; అప్ప అని పిలిచేవాణ్ణి. రామతీర్థం కొండమీద ఆ కీర్తన పాడే భజన ఆడవాళ్ళలో మా అప్ప ఒక్కతే మిగిలింది. కవి పేరుండే ఆ చరణం స్వామి ముందే పాడాలని వాళ్ళ కట్టుబాటు. ఇంట్లో పాడినప్పుడల్లా దాని ముందే ఆపేసేది; కొండమీద విన్నా నాకది నోటికి రాలేదు.

అప్పటికే మంచం పట్టింది. పక్కన కూర్చుని బతిమాలాను.

"ఒక్కసారి సెప్పవే అప్పా, పుస్తకానికెక్కుతాది."

"ఏటిరా నీ తొందర? కాళ్ళు కుదురుకోనీ, కొండెక్కి పాడతాను. నీ పండితుల్ని కూడా ఎక్కమను, ఆయాసమంటే ఏటో తెలుస్తాది" అని నవ్వింది.

ఆ కాళ్ళు మళ్ళీ నేల మీద ఆనలేదు. ఆ చరణం కూడా ఆమెతోనే పోయింది.

కర్మలయ్యాక వెళ్ళి అదే పేజీ తీశాను. "దొరకలేదు" అన్న ఆ మాట తప్పని నాకొక్కడికే తెలుసని ఎంత మురిసిపోయేవాణ్ణో! ఇప్పుడది తప్పు కాదు. నా మొహం మీది తడిని చెమటనుకుని ఎదురుగా కూర్చున్నాయన ఫ్యాను వెయ్యమంటారా అని అడిగితే తలెత్తలేకపోయాను.