ఎర్ర చుక్క చెంబు

మా మేడమ్ ఇక లేరని ఆఫీసు నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, రోజుకు ఎన్ని చెంబుల నీళ్లు తాగుతారని ఆ ఇంటివాళ్లను అడుగుతున్నాను. ఆ ప్రశ్న ఆమె నేర్పిందే. షాద్‌నగర్‌లో తన ఇంట్లో, పొద్దున టీ తాగుతూ తాగుతూనే ఒరిగిపోయారట. ఏడుపొచ్చింది. ఆ కప్పులో టీ ఎంత పడుతుందో ఆమె ఏనాడో కొలిచి పెట్టుకునే ఉంటారని తట్టి, ఏడుపులోనే నవ్వూ వచ్చింది.

మేమిద్దరం ప్రభుత్వ శాస్త్రవేత్తలం. నేలలో, నీళ్లలో ఉన్న రసాయనాలు మనుషుల ఒంట్లోకి ఎంత చేరుతున్నాయో లెక్కగట్టడం మా పని. ఆమె పెద్ద, నేను కొత్త. పెద్ద చదువు చదివానన్న పొగరు మాత్రం నాకు దండిగా ఉండేది.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు కొత్తగా తెరిచిన ఏడాది ఎండాకాలం, తొండుపల్లి దగ్గర ఒక చిన్న వాడకు వెళ్లాం. అక్కడ అందరూ తాగేది ఒక్క బోరింగు నీళ్లే. భూమిలోంచే వచ్చే ఫ్లోరైడ్ అందులో ఉంది, హద్దుకు కొంచెం లోపలే. ఫరవాలేదని మేం రాస్తే జనం ఆ నీళ్లే తాగుతూ ఉంటారు. ప్రమాదమని రాస్తే వేరే నీళ్లు వస్తాయి. ఏది రాయాలన్నది, వాళ్లు రోజుకు ఎంత తాగుతున్నారన్న దాని మీదే ఉంది. నేను జీపు నీడన కూర్చుని అన్ని ఇళ్ల ఫారాల్లోనూ మనిషికి రెండు లీటర్లని నింపేశాను. పుస్తకంలో అంతే ఉంది మరి.

మేడమ్ ఆ ఫారాలు తిరగేశారు. "ఏంది సైంటిస్టు సారూ, ఊరంత ఒక్క గొంతుతోనే తాగుతుందా?" అని నన్ను మొదటి ఇంటికి లాక్కుపోయారు.

అక్కడ కూరగాయల తోటలో పనిచేసే ఒక అవ్వ, ఆమె కోడలు ఉన్నారు. కోడలికి అయిదో నెల. అవ్వకు సొంత మేనకోడలే, ఆ వాడలోనే పుట్టి ఆ నీళ్లే తాగి పెరిగింది. పళ్లనిండా గోధుమరంగు మచ్చలు. నవ్వొస్తే చాలు, కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

"బిడ్డా, పుట్టెటోళ్లకు గూడ గిట్లనే అయితదా?" అని అడిగింది అవ్వ.

మేడమ్‌కు ఒక అలవాటుంది. నెత్తిమీద విమానం పోతుంటే వేలెత్తి, మాట మధ్యలో ఆపేసేవారు. మోత తగ్గాక ఆపిన చోటే అందుకునేవారు. "గట్ల కాకుండ..." అని వేలెత్తారు. మేమంతా ఊపిరి బిగబట్టి ఆ వేలునే చూస్తూ నిలబడ్డాం. విమానం పోయింది. "...చూస్త అవ్వా. జర నువ్వెన్ని నీళ్లు తాగుతవో చెప్పు."

"గవన్ని ఎవరు లెక్కవెట్టిన్రు బిడ్డా? దూప అయినప్పుడల్లా తాగుత."

మేడమ్ గోళ్లకు నేనెన్నడూ రంగు చూడలేదు కానీ ఆమె బ్యాగులో ఎర్ర గోళ్లరంగు సీసా ఉండేది. తడిసినా గుర్తు చెరిగిపోదని దాన్నే వాడేవారు. నేను హుషారుగా అవ్వ చెంబు లోపల గీత గీయబోతే చేతి మీద ఒక్కటి వేశారు. "ఒంట్లకు మందు ఎంత పోతుందో చూడనీకి వచ్చి, ఇంకో మందు తాగిస్తవా?" కోడలు కొంగు చాటున కిసుక్కుమంది.

చెంబులో ఎన్ని నీళ్లు పడతాయో కొలిచి, బయట అడుగున ఎర్ర చుక్క పెట్టారు. తాగిన ప్రతిసారీ గోడమీద సుద్దగీత పెట్టమన్నారు. రెండు రోజులకు వెళ్తే గోడ నిండిపోయి ఉంది. నా రెండు లీటర్లు పొద్దటి పూటకే అయిపోయాయి. "మరి బియ్యం తాగిన నీళ్లు? పప్పు తాగినయి? అన్ని కడుపులకే గద పోయేది" అని మేడమ్ అంటుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు. నేను నింపిన ఫారాలే పంపి ఉంటే ఆ నీళ్లు పాసైపోయేవి. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నన్ను ఇల్లిల్లూ తిప్పారు. సణుక్కుంటూనే తిరిగాను. మధ్యాహ్నం తన డబ్బాలోని సర్వపిండి సగం విరిచి నాకు పెట్టి, "కోపం మీద తిను, మంచిగ అరుగుతది" అనేవారు. నిజంగానే అరిగేది.

ఆఫీసులో పై అధికారి పుస్తకం తీసి, రెండు లీటర్లే కదా ఉండాల్సింది అన్నారు. "పుస్తకం ఎండల కలుపు తియ్యలే సార్" అన్నారు మేడమ్. ఆయన పుస్తకం మూసి, ప్రమాదమని రాసిన మా రిపోర్టు మీద సంతకం పెట్టారు. వానలు పడకముందే ఆ వాడకు మంచినీళ్ల పైపు వచ్చింది. ఆ నీళ్లు ఇక తాగొద్దని బోరింగు పిడికి ఎర్రరంగు పూశారు.

ఇదంతా జరిగి ఆరేళ్లు దాటింది. మేడమ్ కబురు చెప్పడానికి మొన్న ఆ ఇంటికి వెళ్లాను. అవ్వ, "మేమెన్ని నీళ్లు తాగుతమో మమ్ముల అడిగినామె ఆమెనే" అని కళ్లు తుడుచుకుంది. అప్పుడు కోడలి కడుపులో ఉన్న పిల్ల ఇప్పుడు ఒకటో తరగతి. ఆ చెంబుతోనే నాకు నీళ్లు తెచ్చింది. అడుగున చుక్క సగం చెరిగింది. తాగి, మేడమ్ ఏ పిల్ల కనబడినా అడిగినట్టే, "ఏదీ, పళ్లు..." అన్నానో లేదో విమానం వచ్చింది. నాకు తెలియకుండానే వేలెత్తి ఆగిపోయాను.

నా వేలు చూసి పిల్ల పకపకా నవ్వింది. పాలపళ్లు ఊడినచోట రెండు కొత్త పళ్లు, మచ్చ లేకుండా తెల్లగా. విమానం పోయాక కూడా నవ్వుతూనే ఉంది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.