రెండో సగం నా వంతు

నా ప్రసంగాల్లో జనానికి బాగా గుర్తుండిపోయిన ముచ్చట ఒకటుంది. పెళ్ళికి ముందు రోజు మా ఆవిడకు వాగు మడుగులో బాప్తిస్మం ఇప్పించి, ఆమె చేతిలోని జపమాల తీసుకుని అదే మడుగులోకి విసిరేసిన సంగతి. నలభై ఏళ్ళుగా ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, రోడ్డు దిగి అడవి పల్లెల్లోనూ, ఎన్ని పందిళ్ళ కింద చెప్పానో నాకే తెలియదు. "కనీసం బుడుంగుమని చప్పుడైనా చేయలేదు, అదీ దాని శక్తి!" అనేవాణ్ణి. అక్కడ జనం ఘొల్లున నవ్వేవాళ్ళు. స్త్రీల వైపు మొదటి వరసలో, చాప మీద మా ఆవిడ కూర్చుని ఉండేది. ఆమె నవ్విందో లేదో నేనెప్పుడూ చూడలేదు. ప్రసంగం చెప్పేవాడి కళ్ళు వెనక వరసల మీదే ఉంటాయి, కునికిపాట్లు పడేది వాళ్ళే కాబట్టి.

ఆమెది బోనకల్ వైపు. వాళ్ళు ఆర్‌సీఎం వాళ్ళు, అంటే రోమన్ కాథలిక్కులు. ఫాదర్ గారు, దివ్యబలి పూజ, మరియమాత పండుగ, ఇవన్నీ ఉన్న ఇల్లు. మా బంధువుల్లో సగం అటు, సగం ఇటు. వాళ్ళు చంటిపిల్ల తల మీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం అయిందంటారు. మేం పెద్దయ్యాక నిలువునా ముంచి లేపితే గాని ఒప్పుకోం. అప్పుడే సువార్త పనిలోకి వచ్చిన కుర్రవాణ్ణి, నా ఆవేశం నాది. పిల్ల మా నీళ్ళలో మునిగితేనే సంబంధం అన్నాను. వాళ్ళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిల్ల మాత్రం "మీ ఇష్టమండీ" అంది. నేను దాన్ని విశ్వాసం అనుకున్నాను.

పోయిన వానాకాలం మా ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం. ఖమ్మం దవాఖానాలో పన్నెండు రోజులున్నాం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. ఇంటికి తెచ్చుకున్నాక అన్నీ నేనే. లేపడం, కూర్చోబెట్టడం, ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం. సత్తుపల్లిలో ఉండే కూతురు ఆదివారాలు వచ్చి వెళ్తుంది. అరవై ఆరేళ్ళ వయసులో చారులో ఉప్పెంత వేయాలో నేర్చుకోవడం మొదలుపెట్టాను, ఇంకా రాలేదు. మొదట్లో విసుగొచ్చేది. విసుక్కున్నందుకు సిగ్గేసేది. కొన్నాళ్ళకు సిగ్గుపడే ఓపిక కూడా లేకుండా పోయింది.

దవాఖానాలో మాట నేర్పే డాక్టరమ్మ పంపించేటప్పుడు ఒక సంగతి చెప్పింది. "చిన్నప్పుడు నేర్చుకున్న పాటలు, ప్రార్థనలు ముందుగాల వస్తయి అంకుల్. ఏది వస్తే అది రానియ్యండి, వద్దనకండి. మీరు అందుకోండి. ఎవరూ అందుకోకపోతే నోరు మూసుకుపోతది, మల్ల తెరిపించుడు కష్టం."

నాకు ధైర్యం వచ్చింది. పాటలకూ ప్రార్థనలకూ మా ఇంట్లో కరువా! మా ఇల్లూ సంఘం మందిరం ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి, మధ్యలో కప్పుకు అందని సగం గోడ. మంచం పక్కన కూర్చుని మా కీర్తనలన్నీ పాడాను. స్త్రీల కూడికల్లో ఆమె బహుమతులు తెచ్చుకున్న కంఠత వాక్యాలన్నీ చదివాను. ఆమె రేకుల వైపు చూస్తూ పడుకుంది.

ఒక సాయంత్రం, ఆరు కావస్తుండగా, నేను దీపం స్విచ్ వేస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. తడబాటు లేకుండా, ఒక్కో అక్షరం విడివిడిగా. మరియమ్మకు వందనం చెప్పే వాళ్ళ జపం. సగం దాకా చెప్పి ఆగింది. నా వైపు చూసింది.

ఆ జపం సంగతి తెలియనివాళ్ళకు చెప్పాలి. ఇంట్లో జపమాల ఒక్కరు చెప్పుకునేది కాదు. ఒకరు మొదటి సగం చెప్పి ఆగుతారు, మిగిలినవాళ్ళు రెండో సగం అందుకుంటారు. పూసకొకటి చొప్పున పది. వాళ్ళింట్లో మొదటి సగం చెప్పడం పెద్ద కూతురిగా ఆమె పని అట, పెళ్ళయిన కొత్తలో ఒకసారి నోరు జారి చెప్పి, నా మొహం చూసి ఆపేసింది.

మాట వచ్చినందుకు సంతోషించాల్సినవాణ్ణి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ముందు వెళ్ళి రోడ్డు వైపు కిటికీ మూశాను. "ఇన్నేళ్ళూ ఎక్కడ దాచుకున్నావు దీన్ని?" అని మంచాన పడ్డ మనిషిని గద్దించాను. ఆమెకు నా కోపం అర్థమైనట్టు లేదు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పి, అక్కడే ఆగి, నా నోటి వైపు చూసింది. అలా ఐదుసార్లు. ఆరోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మూసుకుంది. రెండు రోజులు చిన్న శబ్దం కూడా లేదు.

మూడో రోజు నాకొక ఉపాయం తట్టింది. యేసు నేర్పిన పరలోక ప్రార్థన వాళ్ళకూ మాకూ ఒకటే కదా, దాంతో దారికి తెచ్చుకుందామనుకున్నాను. మొదలుపెట్టాను. నిజంగానే గొంతు కలిపింది! ఏనాటి అన్నం ఆనాడు అడిగే మాట, అప్పులు క్షమించమనే మాట, అన్నిటా నాతో పాటు నడిచింది. నా గుండె ఉప్పొంగింది. అయితే కీడు నుంచి తప్పించమని అడిగే చోట వాళ్ళు ఆమెన్ అనేస్తారు. మేం దేవుణ్ణి మహిమపరిచే మాట ఇంకోటి కలుపుతాం. నలభై ఏళ్ళు మందిరంలో ఆమె మాతో పాటు కలిపి చెప్పింది. ఆ రోజు మాత్రం చిన్నప్పటి చోటే ఆగి ఆమెన్ అంది. నేను అలవాటు కొద్దీ ముందుకెళ్ళిపోయాను, అదీ పందిట్లో మైకు ముందు చెప్పినట్టు గొంతెత్తి. ఆమె ఉలిక్కిపడింది. ఇంట్లోకి ఎవరో తెలియనివాడు చొరబడ్డట్టు నన్ను చూసి, గోడవైపు తల తిప్పుకుంది. ఈసారి నాలుగు రోజులు మాట లేదు.

నాలుగో రోజు పక్కింటామెను మంచం దగ్గర ఉండమని బండి తీశాను. భద్రాచలం రోడ్డులో అడవి మొదలయ్యే చోట సిస్టర్ల చిన్న దవాఖానా ఉంది. అక్కడి పెద్ద సిస్టర్ ఎప్పుడో కేరళ నుంచి వచ్చిన మనిషి, తెలుగు మాత్రం మా పల్లెల్లోనే నేర్చుకుంది. మా విశ్వాసులకు చలిజ్వరం వస్తే అక్కడికే పంపేవాణ్ణి. "మందు తీసుకోండి, వాకిట్లో మరియమ్మ బొమ్మకు మాత్రం మొక్కకండి" అని చెప్పి మరీ పంపేవాణ్ణి. ఆ మాట ఆమె చెవిన పడకుండా ఉంటుందా!

"వచ్చిండ్రా అయ్యగారూ. ఎవరికి జరం?" అంది.

సంగతి చెప్పాను. రెండో సగం నాకు తెలుసనీ, ఖండించడానికి నేర్చుకున్నాననీ, అందుకే నోటికి రావడం లేదనీ చెప్పాను. ఆమె నవ్వలేదు. నవ్వితే నాకు తేలికగా ఉండేది.

"మీరు నమ్మాలని నేను చెప్తలేను. ఆమె ఆగినకాడ మీరు ఉండుండ్రి, గంతే. ఆలస్యం చెయ్యకుండ్రి. ఊపిరి తీసుకునేలోపు అందుకోవాలె," అంది. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి తను మొదటి సగం చెప్తూ నాతో రెండో సగం పలికించింది. వరసలో ఉన్న రోగులు చూస్తూనే ఉన్నారు. చివర్లో ఒక జపమాల ఇవ్వబోయింది. తీసుకోలేదు. అది జేబులో పెట్టుకుని రోడ్డు మీద పోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ సాయంత్రం మంచం పక్కన కూర్చుని, సిస్టర్ పలికించిన జపంలో మొదటి మాట మా ఆవిడ చెవి దగ్గర అందించాను. ఆమె పట్టుకుంది. సగం దాకా వచ్చి ఆగింది. పాపులమైన మా కోసం ఇప్పుడూ, మా చావు వేళా వేడుకొమ్మని మరియమ్మను అడిగే రెండో సగం నేను అందుకున్నాను. దేవుడికీ మనిషికీ మధ్య ఇంకెవరూ అక్కర్లేదని గొంతు చించుకుని చెప్పిన నోటితోనే. ఆకాశం విరిగి మీద పడలేదు. ఆమె ఊపిరి వదిలి, రెండోది మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి దుప్పటి మీద దేనికోసమో తడుముతోంది. ఏమీ దొరక్క నా చెయ్యి పట్టుకుంది. నా వేళ్ళ కణుపుల మీద ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పది పూర్తి చేసింది. మడుగులో నేను విసిరింది ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

అప్పటి నుంచి రోజూ అంతే. నెల తిరిగేసరికి జపానికీ జపానికీ మధ్య వేరే మాటలు రాసాగాయి. "నీళ్ళు." "చలి." ఒకసారి నా చారు నోట్లో పెట్టుకుని "ఛీ" అంది. ఆ పూట అన్నం నేను కడుపునిండా తిన్నాను.

మా సంఘపెద్ద ఒకాయన, శనివారం సాయంత్రాలు మందిరం ఊడ్చి చాపలు పరచడానికి వస్తాడు. అడవి పల్లెకు చెందిన కోయ మనిషి. ఆ ఊళ్ళో నేను బాప్తిస్మం ఇచ్చిన మొదటి మనిషి ఆయనే. ఒక శనివారం ముందుగానే వచ్చినట్టున్నాడు. మేం జపం చెప్పుకుంటుండగా సగం గోడ అవతల చీపురు చప్పుడు ఆగింది. కాసేపటికి చేతిలో చీపురుతోనే మా గుమ్మంలో నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఏంది గిది?"

"డాక్టరమ్మ చెప్పింది. మాట రావడానికి. మందు లాంటిది," అన్నాను. నా చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"అవ్. మందే," అని గడప మీద కూర్చున్నాడు. "మా అవ్వ గజ్జెలు యాదికున్నయా? మా వేల్పు పూజల మోగిచ్చేటియి. నా బాప్తిస్మం నాడు మీరు చెప్తే వాగుల పడేసిన."

వాళ్ళమ్మ గజ్జెలు నాకు గుర్తున్నాయి. జపమాల పడ్డ మడుగే.

"మా అవ్వ సావు ముందల మూడు దినాలు గవే అడిగింది. జర మోగియ్యి బిడ్డా, ఇని పోతనన్నది. నేను మీ తానకొచ్చి అడిగిన, ఏం చెయ్యాల్నని. మీరు వాక్యం సదివి పంపిండ్రు." గొంతు పెంచలేదు. "మోగియ్యలే. ఉంటె గద మోగిస్త."

అరిచినా బాగుండేది. నాకు ఒక్క వాక్యమూ గుర్తు రాలేదు. ఇంతలో మా ఆవిడ తర్వాతి జపం ఎత్తుకుంది. సగానికి వచ్చి ఆగింది. నా వేలి కణుపు నొక్కింది. ఎదురుగా గడప మీద ఆయన. అందుకుంటే, ఆయన తల్లికి నేను వద్దన్నది నా భార్యకు ఆయన కళ్ళ ముందే ఇచ్చినట్టు. అందుకోకపోతే ఈమె నోరు మూసుకుపోతుంది. ఊపిరి తీసుకునేలోపు నిర్ణయించుకోవాలి.

అందుకున్నాను. ఆయన మొహం వైపు చూడకుండా పదీ పూర్తి చేశాను. ఆయన లేచి వెళ్ళిపోలేదు.

పదయ్యాక మా ఆవిడ ఆయన్ను గుర్తుపట్టింది. శనివారం శనివారం ఆయనకు ఆమే చాయ్ ఇచ్చేది. నా వైపు తిరిగి "చాయ్" అంది.

పెట్టి తెచ్చాను. చక్కెర ఎక్కువైంది. ఆయన తాగి, గ్లాసు కడిగి బోర్లించి, చీపురు తీసుకున్నాడు.

"రేపు వాక్యం నేను చెప్పనా, వద్దా?" అని అడిగాను.

"చెప్పుండ్రి. గా జపమాల ముచ్చట జనం మల్ల అడుగుతరు. చెప్తే మా అవ్వ ముచ్చట గూడ చెప్పుండ్రి."

మర్నాడు రెండూ చెప్పాను. ఎవరూ నవ్వలేదు. స్త్రీల వైపు మొదటి వరసలో ఆమె కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళలో అటు చూస్తూ ఆ సంగతి చెప్పడం అదే మొదటిసారి.